ఇరవై రెండో నంబరు అల్లుడు

సరాందీ దెల్ యీ
16 జూలై 2012

మాజీ అల్లుడు లీబెర్ గారికి,

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. ఇక్కడ నేను క్షేమంగా లేను. మీ క్షేమం సంగతి మనవరాలు హిమేనాని చూస్తే తెలుస్తూనే ఉంది. మోంతెవిదేఓలో చదువుకుంటూ ఆదివారాలు మీ ఇంట్లో తింటున్న పిల్ల, సెలవులకి గుమ్మం పట్టనంత అయి వచ్చింది. కాబట్టి మర్యాదలు వదిలేసి విషయానికొస్తాను.

మా ఇవోన్ మీతో విడిపోయాక నేను మీకు ఒక్క ముక్క రాయలేదు. కోపమనుకుని గర్వపడకండి. అవసరం పడలేదు, అంతే. ఇప్పుడు పడింది.

నా గొంతు పోయింది. స్వరపేటిక మీద కాయలు లేచాయట. సెప్టెంబరు దాకా నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. గుసగుసలు కూడా వద్దట, అవి ఇంకా చేటట. ఆ మాట వినగానే ఇవోన్ కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలించింది. ఏడుస్తోందని డాక్టరు అనుకున్నాడు. కన్నదాన్ని, నాకు తెలియదా. అందుకే ఫోన్ కాకుండా ఉత్తరం. మెడలో బడిపలక కట్టుకుని తిరుగుతున్నాను. నలభై ఏళ్ళు పిల్లలకి చరిత్ర పాఠం చెప్పినదాన్ని, ఇప్పుడు బేకరీలో రొట్టె కోసం సుద్దముక్క అరగదీస్తున్నాను.

అసలు సంగతి క్లబ్బు. ఆగస్టు 24 రాత్రి ఊరంతా పాత పాటలకి డాన్సులు వేస్తుంది, మా పెన్షనర్లు పెద్ద తంబోలా ఆడతారు. మీకు తెలిసిందే. ఆ రాత్రి నంబర్లు ఎవరు పిలిస్తే ఏడాది పొడుగునా ఆ కుర్చీ వాళ్ళది. నేను పిలవలేకపోతే వాషింగ్టన్ పెర్దోమో కూర్చుంటాడు. రిటైరైన స్టేషన్ మాస్టరు. నంబరంటే రైలు వచ్చిందని చెప్పినట్టు చెప్తాడు, అదీ ఆలస్యంగా. "పద్నాలుగు" అని ఊరుకుంటాడు. ఒక్కో నంబరుకీ ఒక మారుపేరుంటుంది కదా, పద్నాలుగుకి తాగుబోతు అని ఎవరంటారు? పదిహేనుకి అందగత్తె, నలభై ఎనిమిదికి మాట్లాడే శవం, ఇవేవీ అనడు. అలాంటి తంబోలా కంటే బస్ టికెట్లు చదువుకోవడం నయం.

మీరు అల్లుడుగా ఉన్న రోజుల్లో క్లబ్బుకి ఒక కంప్యూటర్ అమర్చి, తొంభై నంబర్లూ నా గొంతుతోనే అందులో ఎక్కించారు గుర్తుందా? నాకు పోటీగా నా గొంతునే తెస్తావా అని దాన్ని మూల పడేయించాను. తర్వాత చీటీలు అచ్చు వేయడానికి తప్ప వాడలేదు. ఇప్పుడు అదే నా దిక్కు. తోపుడు బండి మీద ఇంటికి తెప్పించి భోజనాల బల్ల మీద పెట్టాను. తెర వెలుగుతోంది. నంబరు కనబడుతోంది. గొంతు మాత్రం రావడం లేదు. 'సౌండ్ కార్డు దొరకలేదు' అంటోంది. యజమానురాలికి తగిన యంత్రం. ఊళ్ళో రిపేరు షాపతను వచ్చి చూసి, దీన్ని మ్యూజియంలో పెట్టండి అన్నాడు. నా వైపు కూడా అదే చూపు చూశాడు.

ఇంకొకటి. ఇరవై రెండు నంబరుకి అప్పట్లో నేను సరదాకి "పిచ్చివాడు, మా అల్లుడు" అన్నాను. ఇవోన్ ఇప్పుడు పళ్ళ డాక్టరు అమీల్కర్‌ని చేసుకుంది. ఇద్దరూ మొదటి వరసలో కూర్చుంటారు. ఆ ముక్క తీసెయ్యాలి.

ఈ ఉత్తరం సంగతి ఇవోన్‌కి తెలియకూడదు.

మాట్లాడలేక రాస్తున్న,
నీబియా ఎచెవెర్రీ


మోంతెవిదేఓ
18 జూలై

అత్తయ్యగారికి,

మాజీ అని నేను రాయను, మీరు ఎర్ర సిరాతో రాసుకోండి. బస్సు ఆఫీసు కుర్రాడు కవరు తెచ్చి ఇచ్చినప్పుడు చేతిరాత చూసి ముందు కుర్చీలో కూర్చున్నాను. పరీక్ష తప్పానేమో అనిపించింది.

మీ గొంతు సంగతి నమ్మడానికి నాకు ఒక పూట పట్టింది. పదకొండేళ్ళు మీ ఇంటికి వస్తూ పోతూ మీ నోరు మూతపడగా చూడలేదు. నిద్రలో కూడా ఎవరినో దిద్దుతూనే ఉండేవారు. జాగ్రత్తగా ఉండండి. తేనె తాగండి. మౌనంగా కోప్పడండి.

ఆ యంత్రం ఇంకా బతికి ఉందంటే నాకు పట్టరానంత సంతోషంగా ఉంది. నా షాపులో అలాంటివాటినే పడుకోబెట్టి లేపుతుంటాను. ఆదివారం సంతలో జనం పారేసినవాటిని నేను కొనుక్కొస్తాను. ఇవోన్ నన్ను వదిలింది ఇందుకే కదా, మంచం కింద ప్రింటర్లు, స్నానాల తొట్టిలో మానిటర్లు. ఇప్పుడు మంచం నాదే, తొట్టీ నాదే, అవి హాయిగా ఉన్నాయి.

సరే, పని. కంప్యూటర్‌కి ఒక భాష, సౌండ్ కార్డుకి ఇంకో భాష. మధ్యలో దుబాసీ ఉండాలి, ఆ దుబాసీనే డ్రైవర్ అంటారు. మన దుబాసీ చెరిగిపోయి ఉంటాడు. మళ్ళీ ఎక్కించాలి. మూడు ఫ్లాపీలు బిస్కెట్ల డబ్బాలో పెట్టి క్లబ్బులో ఇచ్చాను. 1 అని రాసిన దానితో మొదలుపెట్టండి.

దానికంటే ముందు ప్లగ్గు పీకి, మూత విప్పి, కార్డు గట్టిగా కూర్చుందో లేదో చూడండి. లోపల చెయ్యి పెట్టేముందు ఏదైనా ఇనప వస్తువు ముట్టుకోండి, ఒంట్లో ఉన్న కరెంటు దిగిపోవాలి.

ఇరవై రెండు సంగతి ఆలోచిస్తాను. అది తీసెయ్యమన్నారని బాధపడలేదు. బాధపడలేదని రాయడానికి ఈ వాక్యం మూడుసార్లు కొట్టేశాను, మీకు కనబడుతూనే ఉంటుంది.

మీ,
లీబెర్


సరాందీ దెల్ యీ
23 జూలై

లీబెర్ గారికి,

మీ ఉత్తరంలో తప్పులు దిద్ది దీనితో జతపరిచాను. బాధపడలేదన్న వాక్యం ఒక్కటే తప్పుల్లేకుండా ఉంది, బాగా సాధన చేసినట్టున్నారు.

ఇనప వస్తువు ముట్టుకోమన్నారు. ముట్టుకున్నాను. ఈ జూలై చలిలో ఇంట్లో చేతికందే ఇనప వస్తువు ఒక్కటే, కట్టెల పొయ్యి. ఒంట్లో కరెంటు దిగిందో లేదో తెలియదు గాని వేలి మీద తోలు మాత్రం దిగింది. అరవడానికి కూడా లేకపోయె. పలక మీద ఒక మాట రాసి, చదివి, చెరిపేశాను. మీ గురించే.

కార్డు గట్టిగానే ఉంది. మూత లోపల క్లబ్బు చరిత్రంతా ఉంది: దుమ్ము, వేరుశనగ తొక్కలు, ఒక చెవిపోగు. ఆ చెవిపోగు నా స్నేహితురాలు ఎల్బియాది. దాని కోసం అప్పట్లో ఆవిడ ఒక మనిషితో మాటలు మానేసింది. ఆ మనిషి పోయి కూడా చాలా కాలమైంది. చెవిపోగు ఇచ్చి పలక మీద "నీ పొరపాటు" అని రాశాను.

ఫ్లాపీలు దొరికాయి. డబ్బాలో రెండు. 2 అని రాసినది క్లబ్బు వంటింట్లో దొరికింది. అది ఇన్నాళ్ళూ మాతే టీ కాచే కెటిల్ కింద పెట్టే పలకగా పనిచేస్తోంది. చతురంగా, నల్లగా, బల్ల కాలకుండా ఉంటే ఎవరు మాత్రం ఇంకేమనుకుంటారు? మధ్యలో గుండ్రటి మచ్చ పడింది. మీరు ముందే దాని మీద 'కెటిల్ పెట్టరాదు' అని రాసి ఉండాల్సింది. ఒకటోది చక్కగా ఎక్కింది. రెండోది పెట్టగానే యంత్రం దగ్గింది, మూలిగింది, చదవలేనంది.

ఇంకో వార్త. వాషింగ్టన్‌కి సంగతి పొక్కింది. కమిటీలో లేచి, పిలిచేవాళ్ళు సొంత గొంతుతోనే పిలవాలి, అది క్లబ్బు నియమం అన్నాడు. నేను పలక మీద రాసి అందరికీ చూపించాను: "ఆ పెట్టెలో ఉన్నది ఎవరి గొంతు?" కమిటీ చాలాసేపు తల గోక్కుంది. చివరికి సొంత గొంతే అని ఒప్పుకుంది. ఇప్పుడు ఆ గొంతు రాకపోతే నా పరువేమిటో ఊహించుకోండి. వాషింగ్టన్ అప్పుడే కుర్చీకి కొత్త దిండు కుట్టించుకుంటున్నాడట.

ఇరవై రెండు గురించి మీరు ఆలోచించాల్సిన పనిలేదు. తీసెయ్యండి చాలు.

కాలిన వేలితో,
నీబియా


మోంతెవిదేఓ
26 జూలై

అత్తయ్యగారికి,

పొయ్యి విషయంలో నన్ను క్షమించండి. నేను వేసవిలో రిపేర్లు నేర్చుకున్నవాణ్ణి.

రెండో ఫ్లాపీకి నా దగ్గరున్న అదే రకం కార్డు ఫ్లాపీకి నకలు తీసి పంపుతున్నాను. దీని మీద పెద్దక్షరాలతో 'కెటిల్ పెట్టరాదు' అని రాశాను. మూడూ ఎక్కాక యంత్రం మూడు ప్రశ్నలు అడుగుతుంది. చిరునామా అడిగితే 220 అనండి. గంట నంబరు అడిగితే 5. మూడోదానికి 1.

ఈ గంట నంబరు ముఖ్యం, కాబట్టి చెప్తాను. తంబోలాలో ఎవరికైనా గీత నిండితే అరుస్తారు, మీరు పిలవడం ఆపి అటు చూస్తారు కదా. కంప్యూటర్ లోపలా అంతే. ఒక్కొక్కరికీ ఒక్కో గంట. సౌండ్ కార్డు గంట కొడితే కంప్యూటర్ దానికి తర్వాతి మాట అందిస్తుంది. ప్రింటరు గంట ఏడు. అందుకని నేను కార్డుకి అయిదు ఇచ్చాను. ఇద్దరికీ ఒకే గంట ఉందనుకోండి, అది మోగినప్పుడు ఎవరు పిలిచారో తెలియక యంత్రం కొయ్యబారి నిలబడిపోతుంది. ఒకే పేరున్న ఇద్దరు పిల్లలున్న క్లాసులో మీరు నిలబడ్డట్టు కాదు. మీరైతే ఇద్దరినీ కొట్టేవారు.

కార్డు మీద కూడా ఆ గంటకి గుర్తు ఉంటుంది. కింది అంచున నాలుగు జతల చిన్న సూదులు, పక్కన చీమ తలకాయంత అంకెలు: 2, 5, 7, 10. ఒక జత మీద నల్లటి చిన్న టోపీ ఉంటుంది. అది 5 మీదే ఉందో లేదో చూసి రాయండి.

ఇరవై రెండు తీసేస్తే యంత్రం ఆ నంబరే పిలవదు. అప్పుడు ఇరవై రెండున్న చీటీ ఎవరికి వస్తే వాళ్ళ గతి అంతే. మళ్ళీ రికార్డు చేద్దామంటే మీకు గొంతు లేదు. అందుకని నేనే "ఇరవై రెండు, పిచ్చివాడు" అని రికార్డు చేసి అదే ఫ్లాపీలో పెట్టాను. అల్లుడి ఊసు లేదు. నచ్చితే వాడుకోండి. దీన్ని ఒక రోజంతా చెప్పి చూసుకున్నాను. పక్క షాపువాడు వచ్చి నేను బాగానే ఉన్నానా అని అడిగి వెళ్ళాడు.

మీ,
లీబెర్


సరాందీ దెల్ యీ
31 జూలై

లీబెర్ గారికి,

దుబాసీ పూర్తిగా ఎక్కాడు. మూడు ప్రశ్నలకీ మీరు చెప్పినట్టే జవాబులిచ్చాను. పరీక్ష నొక్కాను. "ప" అంది.

అంతే. "ప". పద్నాలుగో పదిహేనో మరి. తాగుబోతు కోసమో అందగత్తె కోసమో నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తెర కొయ్యబారింది. మీటలు నొక్కినా ఉలుకు లేదు. ఆపి, మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ "ప". పొద్దున్నుంచీ ఆ ఒక్క అక్షరమే ఇల్లంతా వినబడుతోంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, మాటలు నేర్చుకుంటున్నారా అంది.

మీ సూదులు చూడటానికి నాకు మెడ వంగదు, కళ్ళు ఆనవు. అప్పుడే అమీల్కర్ వచ్చాడు. బల్ల మీద నోరు తెరుచుకున్న పెట్టెని చూడగానే అతని కళ్ళు వెలిగాయి. జేబులోంచి పళ్ళ అద్దం తీసి, నుదుటికి లైటు కట్టుకుని లోపలికి దూరాడు. "అత్తయ్యా, ఇక్కడ నాలుగు జతలున్నాయి. అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. తొడుగు మాత్రం దేనికీ లేదు," అన్నాడు. నిజంగా ఏ జత మీదా టోపీ లేదు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగాడు. పుస్తకంలో అని పలక మీద రాశాను.

క్లబ్బులో ఆరా తీస్తే, కొన్నేళ్ళ కిందట వాషింగ్టన్ దాని మూత తీసి రైలింజను దులిపినట్టు దులిపాడట. అప్పుడు ఏం రాలిందో ఆయనకే తెలియదు.

మీ గొంతుతో ఇరవై రెండు వినే యోగం ఇంకా కలగలేదు. దానికీ "ఇ" అనే అంటుంది.

నీబియా


మోంతెవిదేఓ
7 ఆగస్టు

అత్తయ్యగారికి,

దొరికింది. జబ్బు దొరికింది. టోపీ లేకపోతే కార్డుకి గంటే లేదు. మొదటి అక్షరం అంటుంది, తర్వాతి ముక్క అడగడానికి గంట కొట్టలేదు, ఆగిపోతుంది. మీ యంత్రానికి ఇంకే రోగమూ లేదు. మీ ఉత్తరం చదివి నేను షాపులో లేచి చప్పట్లు కొట్టాను, ఒక్కణ్ణే.

రెండు టోపీలు పంపుతున్నాను, ఈ కాగితం అడుగున టేపుతో అంటించాను. ఒకటి చాలు, రెండోది పోతే ఉంటుందని. ఎడమ నుంచి రెండో జత మీద తొడగాలి. అదే అయిదు.

ఆ పళ్ళ డాక్టరు నా కార్డుని అద్దం పెట్టి చూశాడా? ఏమీ లేదు, ఊరికే అడిగాను. చేతులు కడుక్కునే చూశాడనుకుంటాను.

మీ,
లీబెర్


సరాందీ దెల్ యీ
22 ఆగస్టు

లీబెర్‌కి,

ఈ ఉత్తరం ఇంత ఆలస్యమైనందుకు కారణం మీ టేపు. ఇంటికెళ్ళేదాకా ఆగలేక మీ కవరు క్లబ్బులోనే చించాను, అదీ గురువారం ఆట మధ్యలో. టేపు ఊడి రెండు టోపీలూ బల్ల మీద పడ్డాయి. మా బల్ల సంగతి మీకు తెలుసు కదా. చీటీల మీద పెట్టుకోడానికి చిక్కుడు గింజలు, బొత్తాలు, కందిపప్పు, చెక్క పూసలు, ఏది దొరికితే అది. నల్లగా చిన్నగా ఏం కనిపించినా ఇక్కడ ఎవరో ఒకరు దాన్ని నంబరు మీద పెట్టేస్తారు. నేను అరవలేను. పలక మీద "ఆగండి" అని రాసేలోపు ఆట అయిపోయింది, అన్నీ ఊడ్చి డబ్బాలో పోసేశారు.

ఆ డబ్బా ఇంటికి తెచ్చి, దుప్పటి మీద గుమ్మరించి, అన్నం ముందు రాళ్ళు ఏరినట్టు ఏరాను. ఏరి ఏరి ఒకటి పట్టుకున్నాను. రెండోది ఇప్పటికీ దొరకలేదు. తీరా చూస్తే ఎల్బియా దగ్గర అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ అదృష్టపు గింజ. దాంతోనే గెలిచానంటుంది, పర్సులో పెట్టుకు తిరుగుతుంది. అదే మన పాత టోపీ. వాషింగ్టన్ దులిపినప్పుడు నేల మీద పడితే ఎవరో తీసి డబ్బాలో వేశారన్నమాట. అడిగితే ఇవ్వనంది. చెవిపోగు వెతికిచ్చిన విశ్వాసం కూడా లేదు.

నిన్న అమీల్కర్ పటకారుతో టోపీ తొడిగాడు. ఎడమ నుంచి రెండోది అని పలక మీద రాసి చూపించాను. ఎంత సున్నితంగా తొడిగాడో, "ఇక ఓ గంటసేపు ఏమీ నమలొద్దు" అని యంత్రానికి చెప్పి మరీ లేచాడు. వెలిగించాను. ఈసారి అదే నన్నడిగింది: గంట ఏడు దొరికింది, సరేనా అని. సరే అన్నాను. ఆ వయసు యంత్రంతో వాదనెందుకు.

"పద్నాలుగు. తాగుబోతు. వీధి ఇటూ, ఇల్లు అటూ."

నా గొంతే, లీబెర్. మందంగా, గట్టిగా, ఎవరికీ భయపడకుండా. ఆనాడు నేనెంత పొగరుగా ఉండేదాన్నో నాకే తెలియదు. పదిహేను, పదహారు, పదిహేడు, వరసగా తొంభై దాకా విన్నాను. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి, డాక్టరు ఒప్పుకున్నాడా అని అడిగింది. వానలు కదా, రొట్టెలు వేయించి వీధిలో అందరికీ పంచాను. అమీల్కర్ తొమ్మిది తిన్నాడు.

మీ ఇరవై రెండు కూడా విన్నాను. బస్టాండులో ప్లాట్‌ఫారం మారిందని చెప్తున్నట్టుంది. నా గొంతుల మధ్య అదొక్కటి ఏం బాగుంటుంది? పాతదే ఉంచాను. ఇందులో మీరు ఏ అర్థమూ వెతకొద్దు. ఎల్లుండి రాత్రికి అంతా సిద్ధం. గీత నిండినవాళ్ళకి ప్రింటరు మీద సర్టిఫికెట్లు కూడా వేస్తాం, అది వాషింగ్టన్ పట్టుదల.

ధన్యవాదాలు. ఈ మాట పలక మీద రాయడానికి చోటు చాలక ఇక్కడ రాస్తున్నాను.

నీబియా


మోంతెవిదేఓ
24 ఆగస్టు, ఉదయం

అత్తయ్యగారికి,

ఏడా? గంట ఏడు అని చెప్పిందా? సరే అన్నారా?

అత్తయ్యగారూ, ఆయన పళ్ళ డాక్టరు. ఆయనకి ఎడమ అంటే కుర్చీలో కూర్చున్నవాళ్ళ ఎడమ. ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి అది కుడి. కుడి నుంచి రెండోది ఏడు. ఏడు ప్రింటరుది. మాటలు బాగానే వస్తాయి, ప్రింటరు కదిలేదాకా. కదిలిందా, రెండూ ఒకే గంట కొడతాయి, అంతా కొయ్యబారుతుంది. ప్రింటరు పీకెయ్యండి. ఇంకేమీ చెయ్యొద్దు. ప్రింటరు తీగ ఒక్కటి పీకెయ్యండి.

మీ ఇంటికి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. మీరు ఎత్తి ఏం చేస్తారు పాపం. ఇవోన్‌కి చేద్దామంటే తనకి తెలియకూడదన్నారు. ఇది పొద్దున బస్సుకిస్తున్నాను. సాయంత్రానికి మీ చేతిలో పెట్టమని డ్రైవర్ని బతిమాలాను.

పరుగెత్తుతూ,
లీబెర్


సరాందీ దెల్ యీ
26 ఆగస్టు

లీబెర్,

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. ఆ బస్సు డ్రైవరు దార్లో ఎక్కడో పాత పాటలు వినబడి దిగి డాన్సు చేశాడట. తిట్టాలని పలక తీశాను గాని, నవ్వొచ్చి వదిలేశాను.

జరిగింది చెప్తాను. హాలు నిండింది. బయట మోగుతున్న పాటలకి కిటికీ అద్దాలు ఊగుతున్నాయి. నేను కుర్చీలో, పక్కన యంత్రం, దానికి అటు ప్రింటరు. వాషింగ్టన్ తన కొత్త దిండు ఒళ్ళో పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. మొదటి గీత ఎవరిదో నిండింది. సర్టిఫికెట్ నొక్కాను. ప్రింటరు గరగరమంది. యంత్రం తర్వాతి నంబరు ఎత్తుకుంది: "నలభై ఎనిమిది. మాట్లాడే శవ—"

అక్కడ ఆగిపోయింది. తెర కొయ్యబారింది. హాలంతా నా వైపు చూసింది. కొందరు శిలువ గుర్తు వేసుకున్నారు. వాషింగ్టన్ లేచి, టై సరిచేసుకుని, దిండు చంకన పెట్టుకుని నా కుర్చీ వైపు నడిచాడు. స్టేషన్లోకి రైలు వచ్చినంత తీరిగ్గా వచ్చాడు.

అప్పుడు తట్టింది. ప్రింటరు కదిలింది, గొంతు ఆగింది. ఒకే గంటకి ఇద్దరు. గంట ఏడు, సరే అన్నది నేనే. ప్రింటరు ఏడు అని నువ్వు రాసిన కాగితం నా పర్సులోనే ఉంది, దిద్దిన ఎర్ర సిరాతో సహా. లేచి ప్రింటరు తీగ పీకేశాను. యంత్రం ఆపి వెలిగించాను. అది లేచేదాకా వాషింగ్టన్‌ని ఆపాలి కదా. పలక మీద రాసి అతని ముఖం ముందు పెట్టాను: "ప్రింటరు పోయింది. ఈ హాల్లో అంతకంటే అందమైన చేతిరాత స్టేషన్ మాస్టరుది ఒక్కటే. సర్టిఫికెట్లు నువ్వు రాయి."

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ మాట అతనితో అన్నవాళ్ళు ఇదివరకు ఎవరూ లేరనుకుంటాను. దిండు కుర్చీలో వేసుకుని, పెన్ను మూత తీసి, నా బల్ల చివర కూర్చున్నాడు. లీబెర్, నిజంగానే ముత్యాల్లా రాస్తాడు. గెలవనివాళ్ళు కూడా తమకొకటి రాయమని క్యూ కట్టారు.

యంత్రం లేచింది. శవం మాట పూర్తి చేసింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా తడబడలేదు. చివరి ఆట, బహుమతి పెద్ద హ్యామ్, ఉప్పులో ఊరిన పంది తొడ. ఎల్బియాకి ఒక్క నంబరు మిగిలింది. ఇరవై రెండు. ఆవిడ నీ పాత టోపీని పిడికిట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను కూడా మూసుకున్నాను, వేరే కారణానికి.

"ఇరవై రెండు. పిచ్చివాడు. మా అల్లుడు."

నిన్నెరిగినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఇవోన్ నా వైపు తిరిగింది. ఇంతలో అమీల్కర్ లేచాడు. గుండె మీద చెయ్యి వేసుకుని ముందు నాకు, తర్వాత కుడికి, ఎడమకి, అదే, అతనికి ఏది ఎడమైతే దానికి, వంగి వంగి నమస్కారాలు పెట్టాడు. "అత్తయ్యా, ఒక్క టోపీ తొడిగినందుకు ఇంత గౌరవమా," అన్నాడు. ఆ రికార్డు నిన్న కాక మొన్న చేశాననుకున్నాడు. నాకు గొంతు లేదన్న సంగతే మర్చిపోయాడు. జనం చప్పట్లు మోతెక్కించారు. దిద్దుదామంటే నాకు డాక్టరు ఆజ్ఞ. జీవితంలో మొదటిసారి మౌనం అంత రుచిగా అనిపించింది.

ఆ చప్పట్లలో ఎల్బియా గెలిచిందన్నది ఎవరూ వినలేదు. ఆవిడ బల్లెక్కి అరవాల్సొచ్చింది.

ఇవోన్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని నా చెవి దగ్గర వంగింది. "అమ్మా, లీబెర్‌కి ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నావు?" అంది. అవసరం కొద్దీ అని పలక మీద రాశాను. అది తన చేతిరుమాలుతో చెరిపేసి, సుద్దముక్క తీసుకుని, "అడిగానని చెప్పు" అని రాసిచ్చింది. చెప్పాను.

కుర్చీ ఇంకో ఏడాది నాదే. దిండు వాషింగ్టన్ నాకే ఇచ్చాడు, మెత్తగా ఉంది.

నీబియా


సరాందీ దెల్ యీ
18 సెప్టెంబరు

పెద్దల్లుడు లీబెర్‌కి,

డాక్టరు నా గొంతులోకి దీపం వేసి చూసి, రోజుకి కాసిని మాటలు మాట్లాడొచ్చన్నాడు. పొదుపుగా వాడుకోమన్నాడు. మొదటివి దేనికి ఖర్చు పెట్టాలా అని చాలా ఆలోచించాను. బేకరీవాడు తగడు. ఇవోన్‌తో మొదలుపెడితే ఆపలేను.

ఇక్కడ అమీల్కర్ తన కుర్చీలో నోరు తెరిచి కూర్చున్న రోగులందరికీ ఇరవై రెండు తానేనని చెప్పుకుంటున్నాడు. వాళ్ళు కాదనలేని స్థితిలో ఉంటారు కదా. మంచివాడే, పటకారు బాగా పడతాడు, కాని పిచ్చివాడు కాదు. ఆ నంబరుకి అర్హత ఉన్నవాడు వేరే. ఊళ్ళో ఈ గందరగోళం నాకు నచ్చలేదు.

మైకు తీసుకుని ఆదివారం బస్సుకి రా. టోపీ కూడా అయిదు మీదకి మార్చి వెళ్ళు, ప్రింటరు ఉత్తినే పడి ఉంది. వంటింటి పొయ్యి ఆర్పే ఉంచుతాను, ముట్టుకోవచ్చు. భోజనానికి ఇవోన్, అమీల్కర్ కూడా వస్తారు. నువ్వు వస్తున్నావని ఇవోన్‌కి చెప్పాను. బయల్దేరేముందు స్నానాల తొట్టి ఒకసారి చూసుకోమంది.

నేను అనబోయేది ఇది: "ఇరవై రెండు. పిచ్చివాడు. మా పెద్దల్లుడు." ఒక్క కూతురున్నదానికి పెద్దల్లుడేమిటి, చిన్నల్లుడేమిటి అని క్లబ్బులో ఎవరైనా అడిగితే, జవాబు చెప్పడానికి ఇప్పుడు నాకు నోరుంది.

మైకు ముందే సరిచూసుకో. నేను ఒక్కసారే అంటాను.

మీ అత్తయ్య,
నీబియా